తేదీ ఎవరు పెడతారు? రష్యా స్మారక దినాల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా అండి? సరే, మొదలుపెడతాను.

నాకిచ్చిన అంశం రష్యా దౌత్య, సైనిక చరిత్రలో మైలురాళ్ళు. అంత పెద్ద అంశాన్ని గంటలో చెప్పాలంటే యుద్ధాల పేర్లు, సంధుల పేర్లు చదువుకుంటూ పోవాలి, అది మీకూ విసుగే నాకూ విసుగే. అందుకని వేరే దారిలో వెళ్తాను. రష్యావాళ్ళు ఏ రోజుని గుర్తుపెట్టుకుంటున్నారు, ఆ రోజుని ఎవరు, ఎప్పుడు ఖాయం చేశారు, మధ్యలో ఏ రోజుల్ని అటకెక్కించారు, ఇవి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు నాతో పోట్లాడవచ్చు. ఒక సంఘటన ఎంత గొప్పదైనా సరే, కుర్చీలో ఉన్నవాడికి దానితో పని ఉంటేనే దానికి క్యాలెండర్‌లో చోటు దొరుకుతుంది. పని తీరితే ఆ చోటు పోతుంది. ఇది అన్ని దేశాల్లోనూ ఉన్నదే కానీ, రష్యాలో మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ఎందుకంటే ఒక్క ఇరవయ్యో శతాబ్దంలోనే అక్కడ రాజ్యం రెండుసార్లు కూలిపోయింది, 1917లో ఒకసారి, 1991లో ఇంకోసారి.

మే 9 సంగతి చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ లొంగిపోయిన రోజు. పడమటి దేశాలు మే 8 అంటాయి, రష్యా మే 9 అంటుంది. ఈ ఒక్క రోజు తేడా ఎలా వచ్చిందంటే, 1945 మే 7 తెల్లవారుజామున 2 గంటల 41 నిమిషాలకి ఫ్రాన్స్‌లోని రీమ్స్ ఊళ్ళో, మిత్రదేశాల సేనాధిపతి ఐసెన్‌హోవర్ ఆఫీసు పెట్టుకున్న ఒక స్కూలు భవనంలో, జర్మన్ జనరల్ యోడ్ల్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. అక్కడ సోవియట్ ప్రతినిధి జనరల్ సుస్లోపరోవ్. పాపం ఆయన పరిస్థితి ఊహించండి, మాస్కోకి కబురు పంపాడు, జవాబు రాలేదు, ఎదురుగా కాగితం ఉంది, పెన్ను ఉంది, అవతల అమెరికన్లు, బ్రిటిష్‌వాళ్ళు చూస్తున్నారు. సంతకం పెడితే స్టాలిన్ ఏమంటాడో, పెట్టకపోతే ఏమవుతుందో. ఆయన చాలా తెలివిగా, మిత్రదేశాల్లో ఎవరైనా కోరితే ఇంకో లొంగుబాటు కార్యక్రమం జరపాల్సి ఉంటుందన్న షరతు పెట్టించి సంతకం చేశాడు. తర్వాత వచ్చింది మాస్కో జవాబు: ఏ పత్రం మీదా సంతకం చేయొద్దని!

స్టాలిన్‌కి ఒళ్ళు మండింది. నిజానికి ఆయన వాదనలో న్యాయం లేకపోలేదు. జర్మన్ సైన్యం నడుం విరిగింది తూర్పున, చచ్చినవాళ్ళలో ఎక్కువమంది సోవియట్ మనుషులు, మొత్తం 2.7 కోట్ల మంది అని లెక్క. అలాంటప్పుడు లొంగుబాటు ఫ్రాన్స్‌లో ఒక స్కూల్లో ఏమిటి, బెర్లిన్‌లో జరగాలి కదా? జరిపించాడు. బెర్లిన్ శివార్లలో కార్ల్స్‌హోర్స్ట్‌లో, సోవియట్ మార్షల్ జూకోవ్ ఎదురుగా, జర్మన్ ఫీల్డ్ మార్షల్ కైటెల్ చేత మళ్ళీ సంతకం పెట్టించారు. కాల్పులు ఆగాల్సింది అక్కడి టైమ్ ప్రకారం మే 8 రాత్రి 11 గంటల 1 నిమిషానికి. అప్పటికి మాస్కోలో అర్ధరాత్రి దాటిపోయి మే 9 వచ్చేసింది. అదండి సంగతి. రెండు గంటల టైమ్ తేడా, దాని వెనక బోలెడంత రాజకీయం. రీమ్స్‌ని పక్కకి తోసేసి, బెర్లిన్‌ని ముందుకి తెచ్చి, తేదీని మాస్కో గడియారం ప్రకారం రాసుకున్నారు.

సరే, అంత పట్టుబట్టి సాధించుకున్న తేదీ కదా, ఏటా ఘనంగా చేసి ఉంటారనుకుంటాం. చేయలేదు! 1945 జూన్ 24న రెడ్ స్క్వేర్‌లో పెద్ద పరేడ్ జరిగింది, వానలో, తెల్ల గుర్రం మీద జూకోవ్, జర్మన్ల దగ్గర పట్టుకున్న 200 జెండాల్ని లెనిన్ సమాధి ముందు నేలకేసి విసిరారు. ఆ ఫొటోలు మీరు చూసే ఉంటారు. కానీ 1947 డిసెంబర్‌లో మే 9 సెలవు తీసేశారు, బదులుగా జనవరి 1 సెలవిచ్చారు. అదే సమయంలో పతకాలున్నవాళ్ళకి నెలనెలా ఇచ్చే భత్యం కూడా 1948 నుంచి ఆపేశారు. జూకోవ్‌ని అప్పటికే 1946లో ఒడెస్సాకి బదిలీ చేసి పారేశారు. ఎందుకిలా అంటే కారణాలు చరిత్రకారులు నాలుగైదు చెబుతారు, నాకు నమ్మకం కుదిరింది ఒకటే. గెలిచిన సైనికుడు ప్రమాదకరమైన మనిషి. వాడు బెర్లిన్ దాకా వెళ్ళి వచ్చాడు, బయటి ప్రపంచం చూశాడు, ఈ విజయం నాది అనుకుంటాడు. స్టాలిన్‌కి ఆ మాట గిట్టదు.

ఇంకో ఉదాహరణ చెబితే ఇది ఇంకా తెలుస్తుంది. లెనిన్‌గ్రాడ్, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌ని జర్మన్లు ముట్టడించడం మీకు తెలుసు, 872 రోజులు, 1941 చివర్లో పనికి వెళ్ళలేని మనిషికి రోజుకి 125 గ్రాముల రొట్టె, అదీ పొట్టూ చెత్తా కలిపింది. ఆ ఊరివాళ్ళు యుద్ధం అవగానే ఒక మ్యూజియం పెట్టుకున్నారు, 1946లో. జనం విరగబడి చూశారు. 1949లో దాన్ని మూసేశారు! లెనిన్‌గ్రాడ్ నాయకుల మీద స్టాలిన్ కన్నెర్ర చేశాడు, వాళ్ళని అరెస్టు చేసి కాల్పించాడు, వాళ్ళతోపాటు ఆ ఊరి జ్ఞాపకం కూడా నేరమైపోయింది. 1953లో మ్యూజియాన్ని పూర్తిగా ఎత్తేశారు, వస్తువులు చెల్లాచెదురయ్యాయి. మళ్ళీ తెరిచింది 1989లో. నలభై ఏళ్ళు. ఆకలితో చచ్చిన తమ్ముడి ఫొటో ఇచ్చిన అక్క ఆ నలభై ఏళ్ళలో ఏమనుకుని ఉంటుంది?

మరి మే 9 ఎప్పుడు వెనక్కి వచ్చింది? 1965లో, ఇరవయ్యేళ్ళ సందర్భంగా, బ్రెజ్నెవ్ తెచ్చాడు. కొత్తగా పదవిలోకి వచ్చినవాడు, క్రుశ్చేవ్‌ని దించి ఎక్కినవాడు, జనాన్ని కలిపి ఉంచే విషయం ఒకటి కావాలి. అప్పటికి విప్లవం చూసినవాళ్ళు ముసలివాళ్ళైపోయారు, యుద్ధం మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంది. 1966 డిసెంబర్‌లో మాస్కో శివార్లలోని క్ర్యూకొవో దగ్గర దొరికిన ఒక పేరు తెలియని సైనికుడి అస్థికల్ని తెచ్చి క్రెమ్లిన్ గోడ పక్కన పాతిపెట్టారు, 1967 మే 8న అక్కడ జ్యోతి వెలిగించారు. నీ పేరు తెలియదు, నీ ఘనకార్యానికి చావులేదు అని దాని మీద రాసి ఉంటుంది. ఇవాళ రష్యా వెళ్ళే ప్రతి దేశాధినేతా అక్కడ పుష్పగుచ్ఛం పెడతాడు, మనవాళ్ళు కూడా. ఎప్పుడో పాతకాలం నుంచీ వస్తున్న ఆచారం అనిపిస్తుంది కానీ అది మొదలైంది 1960ల్లోనే. ఏటా మే 9న రెడ్ స్క్వేర్ పరేడ్ అనేది ఇంకా కొత్తది, 1995 నుంచి. సోవియట్ కాలం మొత్తంలో మే 9 పరేడ్లు జరిగింది 1965, 1985, 1990, అంతే.

ఇప్పుడు కొంచెం నవ్వుకునే విషయం చెబుతాను. 1995లో రష్యా ఒక చట్టం చేసింది, సైనిక కీర్తి దినాలు అని ఒక జాబితా. అందులో 1242 నాటి మంచు సరస్సు యుద్ధం నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా ఉన్నాయి. తేదీల దగ్గరే వచ్చింది చిక్కు. రష్యా 1918 దాకా పాత జూలియన్ క్యాలెండర్ వాడింది. కొత్త క్యాలెండర్‌కి మారినప్పుడు జనవరి 31 తర్వాత నేరుగా ఫిబ్రవరి 14 వచ్చింది, 13 రోజుల తేడా. కానీ ఈ తేడా అన్ని శతాబ్దాల్లోనూ ఒకేలా ఉండదు, వెనక్కి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. పందొమ్మిదో శతాబ్దానికి 12 రోజులు, పద్దెనిమిదికి 11, పదమూడో శతాబ్దానికి 7. చట్టం రాసినవాళ్ళు అన్నిటికీ 13 కలిపేశారు! దాంతో నెపోలియన్‌తో బొరొదినో దగ్గర జరిగిన యుద్ధం, పాత లెక్కలో 1812 ఆగస్టు 26, కొత్త లెక్కలో సెప్టెంబర్ 7, రష్యా చట్టంలో మాత్రం సెప్టెంబర్ 8. పొల్తావా దగ్గర పీటర్ చక్రవర్తి స్వీడన్‌వాళ్ళని ఓడించింది 1709 జూలై 8న, చట్టంలో జూలై 10. మంచు సరస్సు యుద్ధం ఏప్రిల్ 12 కావాలి, 18 అని రాశారు. మనం తద్దినం తిథి ప్రకారం పెట్టి పుట్టినరోజు తేదీ ప్రకారం చేసుకుంటాం, ఆ రెండింటినీ కలిపి మూడో రోజున చేసినట్టుంది వాళ్ళ పని. (నవ్వులు) చరిత్రకారులు చెప్పారు, పత్రికలు రాశాయి, ఈ తేదీలు మాత్రం అలాగే ఉన్నాయి. బొరొదినో మైదానంలో పాతకాలం యూనిఫారాలు వేసుకుని యుద్ధాన్ని మళ్ళీ ఆడి చూపించేవాళ్ళు ఇవేవీ పట్టించుకోకుండా సెప్టెంబర్ మొదటి ఆదివారం చేసుకుంటారు. నన్నడిగితే అందరికన్నా తెలివైనవాళ్ళు వాళ్ళే.

ఆ జాబితాలో నవంబర్ 7 కూడా ఉంది, అది ఇంకా తమాషా. 1917 బోల్షెవిక్ విప్లవ దినం కదా అది, సోవియట్ కాలంలో అన్నిటికన్నా పెద్ద పండగ. 2005 నుంచి దానికి సెలవు లేదు. బదులుగా నవంబర్ 4న జాతీయ ఐక్యతా దినం పెట్టారు, 1612లో మీనిన్ అనే వ్యాపారి, పొజార్‌స్కీ అనే రాకుమారుడు కలిసి జనసైన్యం లేపి పోలండ్ దళాల్ని మాస్కో నుంచి తరిమిన జ్ఞాపకం. ఇక్కడ కూడా అదే 13 రోజుల లెక్క, అది వేరే సంగతి. మరి నవంబర్ 7 ఏమైంది? జర్మన్లు మాస్కో గుమ్మంలో ఉండగా 1941 నవంబర్ 7న రెడ్ స్క్వేర్‌లో పరేడ్ చేశారు, నిజంగా గుండెధైర్యం ఉన్న పని, సైనికులు అక్కడి నుంచి తిన్నగా యుద్ధానికి వెళ్ళారు. ఆ పరేడ్ జరిగిన రోజుగా నవంబర్ 7ని జాబితాలో ఉంచారు. ఆ పరేడ్ దేనికోసం చేశారు? విప్లవానికి 24 ఏళ్ళు నిండినందుకు! అంటే విప్లవాన్ని గుర్తుచేసుకోరు, విప్లవాన్ని గుర్తుచేసుకున్న రోజుని గుర్తుచేసుకుంటారు. ఇంత నేర్పు మన అసెంబ్లీలో కూడా చూడలేదు నేను.

ఇక దౌత్యం. సైన్యానికి పరేడ్లున్నాయి, ట్యాంకులున్నాయి, టీవీలో వస్తుంది. రాయబారికి ఏముంది? ఫిబ్రవరి 10 ఉంది. దౌత్యవేత్తల దినం అని 2002లో పుతిన్ ప్రభుత్వం ఖాయం చేసింది. 1549 ఫిబ్రవరి 10న విదేశీ వ్యవహారాల కార్యాలయం గురించి మొదటి ప్రస్తావన దొరుకుతుంది, అందుకని ఆ తేదీ. దాని మొదటి అధిపతి ఇవాన్ విస్కొవాతీ, చాలా చదువుకున్నవాడు, చాలా సమర్థుడు. ఆయన చివరికి ఏమయ్యాడంటే, 1570లో ఇవాన్ ద టెరిబుల్ ఆయన మీద ద్రోహం నేరం మోపి మాస్కో నడిబొడ్డున జనం చూస్తుండగా అతి క్రూరంగా చంపించాడు. ఆ సంగతి గుర్తుంచుకుని ఫిబ్రవరి 10 శుభాకాంక్షలు చెప్పుకోవాలి వాళ్ళు.

అదే ఫిబ్రవరిలో, మరుసటి రోజు, 11న గ్రిబయేదొవ్ చనిపోయాడు, 1829లో. నాటక రచయిత, బహుభాషావేత్త, టెహ్రాన్‌లో రష్యా రాయబారి. అంతకుముందు ఏడాది పర్షియా మీద గెలిచి, తుర్క్‌మెన్‌చాయ్ సంధి రాయించుకున్నప్పుడు ఆ షరతుల వెనక ఉన్న బుర్ర ఈయనదే. భారీ నష్టపరిహారం, భూభాగాలు, అన్నీ పర్షియా ఇచ్చుకోవాలి. ఆ కోపం జనంలో ఉంది. అంతఃపురాల్లో ఉన్న ఆర్మేనియన్ స్త్రీలు రాయబార కార్యాలయంలో తలదాచుకుంటే వాళ్ళని అప్పగించనన్నాడు, జనం మూకుమ్మడిగా వచ్చిపడి ఆయన్నీ, అక్కడున్న దాదాపు అందర్నీ చంపేశారు. పెళ్ళై ఆర్నెల్లు కూడా కాలేదు, భార్య నీనో పదహారేళ్ళ పిల్ల. తిబిలిసీలో సమాధి కట్టించి, నీ బుద్ధీ నీ పనులూ రష్యా జ్ఞాపకంలో చిరంజీవులు, మరి నా ప్రేమ నీ తర్వాత కూడా ఎందుకు బతికుంది అని దాని మీద రాయించింది.

రాజ్యం ఏం చేసింది? పర్షియా రాజు షా తన మనవడు ఖొస్రో మీర్జాని పీటర్స్‌బర్గ్‌కి పంపాడు క్షమాపణకి, కానుకల్లో 88.7 క్యారెట్ల వజ్రం ఒకటి. నికొలస్ చక్రవర్తి పుచ్చుకున్నాడు, టెహ్రాన్ సంగతి ఇక శాశ్వతంగా మర్చిపోతున్నానన్నాడు, నష్టపరిహారంలో కొంత మాఫీ చేశాడు. అప్పటికే టర్కీతో యుద్ధంలో ఉన్నాడు, పర్షియాతో ఇంకోటి పెట్టుకునే ఓపిక లేదు. అంటే గుర్తుపెట్టుకోవడానికే కాదు, మర్చిపోవడానికి కూడా అధికారికంగా ఒక రోజు ఉంటుందన్నమాట. ఆ వజ్రం మీద మూడు పేర్లు చెక్కి ఉన్నాయి, అహ్మద్‌నగర్ బుర్హాన్ నిజాం షా, తర్వాత షాజహాన్, తర్వాత పర్షియా షా. రాయి మాత్రం మన గోల్కొండ గనులదని చెబుతారు. ఇప్పుడు క్రెమ్లిన్‌లో ఉంది.

గొర్చకొవ్ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తవదు. బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీలతో చేసిన క్రిమియా యుద్ధంలో రష్యా ఓడిపోయింది, 1856 పారిస్ సంధిలో నల్ల సముద్రంలో నౌకాదళం ఉంచుకోకూడదన్నారు. అంతకన్నా అవమానం ఏముంటుంది? కొత్త విదేశాంగ మంత్రి గొర్చకొవ్, కవి పుష్కిన్‌కి స్కూల్లో సహాధ్యాయి, రాయబారులందరికీ ఒక లేఖ పంపాడు. రష్యా అలిగిందంటున్నారు, రష్యా అలగలేదు, తన బలాన్ని కూడగట్టుకుంటోంది అని. పద్నాలుగేళ్ళు ఓపిక పట్టాడు. 1870లో ఫ్రాన్స్ ప్రష్యా చేతిలో చితికిపోయి ఉన్నప్పుడు, నల్ల సముద్రం షరతులు మాకిక వర్తించవని ఇంకో లేఖ పంపాడు, 1871 లండన్ సమావేశంలో అందరూ ఒప్పుకోక తప్పలేదు. ఒక్క తుపాకీ పేలలేదు. ఇప్పుడు పోల్చి చూడండి. ఆ క్రిమియా యుద్ధంలోనే ఓడిపోయిన సెవస్తొపోల్ పోరాటానికి 1905లో ఏకంగా ఒక గుండ్రటి భవనం కట్టి, లోపల 115 మీటర్ల పొడవు పెయింటింగ్ పెట్టారు, ఏటా లక్షలమంది చూస్తారు. ఆ ఓటమిని కాగితం మీద తిరగరాసినవాడికి పీటర్స్‌బర్గ్ పార్కులో ఒక చిన్న బస్ట్ పెట్టారు, అదీ 1998లో, ఆయన పుట్టిన రెండు వందల ఏళ్ళకి. ప్రిమకొవ్ విదేశాంగ మంత్రిగా ఉన్న రోజుల్లో ఆ పాత లేఖ అందరి నోళ్ళలోకీ మళ్ళీ వచ్చింది. ఎందుకొచ్చింది? రష్యా మళ్ళీ బలహీనంగా ఉన్న కాలం కాబట్టి.

రష్యా తరఫున సంధి మాట్లాడిన విట్టె గురించి ఒక్క మాట. 1905లో జపాన్ చేతిలో ఓడిపోయాక, అమెరికాలోని పోర్ట్స్‌మత్‌లో కూర్చుని, నష్టపరిహారం పైసా ఇవ్వకుండా, సఖలీన్ ద్వీపంలో సగం మాత్రం వదిలి బయటపడ్డాడు. చక్రవర్తి కౌంట్ బిరుదిచ్చాడు. జనం సగం సఖలీన్ కౌంట్ అని ఎగతాళి చేశారు. సంధి చేసినవాడి బతుకింతే.

అసలు చోటే దొరకని యుద్ధం మొదటి ప్రపంచ యుద్ధం. లక్షలమంది రష్యన్ సైనికులు చచ్చిపోయారు, కానీ బోల్షెవిక్కులకి అది జార్ చక్రవర్తి యుద్ధం, 1918 మార్చిలో బ్రెస్ట్-లితొవ్‌స్క్ సంధితో అందులోంచి తప్పుకున్నారు, తర్వాత సోవియట్ కాలమంతా దాని ఊసే దాదాపు లేదు. ఆగస్టు 1ని ఆ సైనికుల స్మృతి దినంగా పెట్టింది 2012 చివర్లో. 2014లో, వందేళ్ళకి, మాస్కోలో స్మారకం కట్టారు.

ఇప్పటి సంగతి కూడా చెప్పాలి, దాటేస్తే బాగోదు. 2012లో తొమ్‌స్క్ అనే సైబీరియా ఊళ్ళో కొందరు స్థానిక జర్నలిస్టులు, మే 9న టీవీలో ట్యాంకులు చూడడం కాదు, మన ఇంటి మనుషుల ఫొటోలు పట్టుకుని నడుద్దామన్నారు. చావులేని దళం అని పేరు. ఎంత మంచి ఆలోచన! దేశమంతా పాకింది. 2015కల్లా పుతిన్ కూడా తండ్రి ఫొటోతో నడిచాడు, ఇక అది ప్రభుత్వ కార్యక్రమం అయిపోయింది. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక రెడ్ స్క్వేర్ ప్రసంగాల్లో ఆ యుద్ధాన్నీ ఈ యుద్ధాన్నీ ఒకే తాటికి కట్టడం మొదలైంది, 2023లో భద్రత పేరుతో ఆ నడకలే రద్దు చేశారు. అదే ఏడాది ఉక్రెయిన్ తన స్మారక దినాన్ని మే 8కి మార్చేసుకుంది. ఆ 2.7 కోట్ల మందిలో ఉక్రేనియన్లున్నారు, బెలారూస్‌వాళ్ళున్నారు, కజక్‌లు, జార్జియన్లు, యూదులు ఉన్నారు. ఒకే కందకంలో చచ్చిన ఇద్దరి మనవలు ఇప్పుడు వేరువేరు రోజుల్లో పువ్వులు పెడుతున్నారు. దీనికి నేను మాస్కోనే ఎక్కువ తప్పుపడతాను, మీలో కొందరికి నచ్చకపోవచ్చు.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండి మాస్టారూ. మన దేశానికి సంబంధించి ఏమీ చెప్పలేదంటున్నారు. నిజమే. రెండు తేదీలు చెబుతాను. 1947 ఏప్రిల్ 13, భారత్, సోవియట్ యూనియన్ దౌత్య సంబంధాలు పెట్టుకున్న రోజు, స్వాతంత్ర్యానికి నాలుగు నెలల ముందే. మొదటి రాయబారి విజయలక్ష్మీ పండిట్, రెండోవారు సర్వేపల్లి రాధాకృష్ణన్, అంతకుముందు ఇక్కడే మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వైస్ ఛాన్సలర్‌గా చేసినాయన. రెండోది 1971 ఆగస్టు 9. ఢిల్లీలో స్వరణ్ సింగ్, గ్రొమీకో సంతకాలు చేసిన శాంతి, స్నేహ, సహకార ఒప్పందం. నాలుగు నెలలు తిరక్కుండా పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది, భద్రతా మండలిలో సోవియట్ వాళ్ళు మూడుసార్లు వీటో వాడారు, అమెరికా నౌకాదళం బంగాళాఖాతంలోకి వస్తే సోవియట్ నౌకలు వెంటపడ్డాయి. ఆ కాగితం ఎంత విలువైందో అప్పుడు తెలిసింది.

ఏమ్మా, మనవాళ్ళు మాస్కో పరేడ్‌లో నడిచారా అనా? నడిచారు. 2015లో గ్రెనేడియర్స్ దళం నడిచింది. 2020లో కరోనా వల్ల పరేడ్‌ని మే నుంచి జూన్ 24కి మార్చారు, 1945 నాటి మొదటి పరేడ్ తేదీ అది. అప్పుడు మన త్రివిధ దళాల నుంచి 75 మంది వెళ్ళారు.

చివరి ప్రశ్న ఎవరిది? మన విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ సంగతా బాబూ. అది సోవియట్ యూనియన్‌లో కట్టిందే, 1969 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది, 2001లో రిటైరైంది. ఒడ్డుకి లాగి మ్యూజియం చేసి ప్రారంభించింది 2002 ఆగస్టు 9న, అంటే ఆ ఒప్పందం సంతకమైన తేదీ రోజే. కావాలని పెట్టారో ముహూర్తం అలా కుదిరిందో గానీ, శిలాఫలకం దగ్గర ఆగి ఆ రెండో అర్థం చదివేవాళ్ళు నాకింతవరకూ కనబడలేదు. లోపలికి వెళ్ళి టార్పెడో గది, ఆ ఇరుకు పడకలు చూడండి. సోమవారం మాత్రం వెళ్ళకండి, సెలవు.